ముంగాలి ఎముక అడిగే గడువు

తెలంగాణలో 2022 నాటి పోలీసు నియామకాల ప్రిలిమినరీ ఫలితాలు అక్టోబరు మూడో వారంలో వచ్చాయి. దేహదారుఢ్య పరీక్షలు డిసెంబరు 8న మొదలయ్యాయి. మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చెయ్యాలి. అప్పటిదాకా స్టడీ హాళ్లలో కుర్చీకి అతుక్కుని చదివిన వాళ్లలో చాలామంది ఫలితం చూసుకున్నాకే గ్రౌండ్‌లోకి దిగారు. చేతిలో ఉన్నవి ఏడు వారాలు. ఇలాంటి ప్రతి సీజన్‌లోనూ రెండో వారమో మూడో వారమో వచ్చేసరికి ఏ గ్రౌండ్‌లో చూసినా ఒకటే మాట వినిపిస్తుంది: "అన్నా, షిన్ పెయిన్ వచ్చింది. ఏం వాడాలి?"

ఏం వాడాలన్న ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రం యాభై ఏళ్లుగా జవాబు వెతుకుతోంది. దొరికిన జవాబు మెడికల్ షాపులో అమ్మేది కాదు. అందుకే అది గ్రౌండ్ దాకా రాలేదని నా అభిప్రాయం.

మోకాలికీ చీలమండకీ మధ్య, ముందువైపు తడిమితే చర్మం కిందే గట్టిగా తగిలే ఎముక టిబియా. దాని లోపలి అంచు వెంబడి, ముఖ్యంగా కింది సగంలో, పొడుగునా సలిపే నొప్పి ఇది. షిన్ స్ప్లింట్స్ అన్నది పాత పేరు. మీడియల్ టిబియల్ స్ట్రెస్ సిండ్రోమ్ అని డాక్టర్లు రాస్తారు. మొదట్లో దీని వరస దాదాపు అందరిలో ఒకేలా ఉంటుంది. మొదటి రౌండ్‌లో నొప్పి పొడుస్తుంది. ఒళ్లు వేడెక్కాక, మూడో రౌండ్‌కి సర్దుకుంటుంది. రూముకొచ్చి స్నానం చేసి కూర్చున్నాక మళ్లీ సలుపు మొదలవుతుంది. మధ్యలో అలా సర్దుకోవడమే మోసం చేస్తుంది. పరిగెత్తితే తగ్గుతోంది కదా అని ఇంకా పరిగెత్తుతారు. అలా రెండు మూడు వారాలు లాగితే ఆ సర్దుబాటు కూడా పోతుంది, మెట్లు దిగినా నొప్పే.

పరుగు గాయాలపై వచ్చిన పరిశోధనలను 2012లో ఒకచోట చేర్చి చూసిన సమీక్షలో ఈ నొప్పే అన్నిటికన్నా ముందు నిలిచింది. లెక్కించిన పరుగువాళ్లలో 13.6 నుంచి 20 శాతం మందికి ఇది కొత్తగా వచ్చింది. ఆస్ట్రేలియా నౌకాదళంలో కొత్తగా చేరినవాళ్లను పదివారాల శిక్షణ పొడుగునా గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలోనైతే దాదాపు మూడో వంతు మంది దీని పాలబడ్డారు. ఆడవాళ్లలో ఆ శాతం మరీ ఎక్కువ. ఈ నొప్పి గురించి మనకు తెలిసిందాంట్లో పెద్ద భాగం ఇలాంటి సైనిక శిబిరాల నుంచే వచ్చింది. పరుగు అలవాటు లేని యువతీయువకులను ఒక్కసారిగా రోజూ పరిగెత్తించే చోటు అది. మన కానిస్టేబుల్ అభ్యర్థుల పరిస్థితీ అదే కాబట్టి, ఆ లెక్కలు మారథాన్ క్లబ్బుల లెక్కలకన్నా మనకే బాగా వర్తిస్తాయి.

ఇంతకీ నొప్పి దేనిది, కండరానిదా ఎముకదా? ఈ వాదం చాలా కాలం నడిచింది. 1958లో ఎం.బి. డెవాస్ అనే బ్రిటిష్ ఆర్థోపెడిక్ సర్జన్, ఆటగాళ్ల ముంగాలి నొప్పిని టిబియాలో వచ్చే ఒత్తిడి పగుళ్లతో కలిపి చూశాడు. 1966లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఇచ్చిన నిర్వచనం మాత్రం, పగుళ్లను పక్కన పెట్టి ఇది కండరాల దగ్గర వచ్చే వాపు అంది. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలు ఎక్కువమంది నమ్మింది ఈ రెండో మాటే. పిక్క లోపలి సోలియస్ కండరం ఎముక అంచున అతుక్కున్న చోట పదేపదే గుంజుతుంది, ఎముక మీది పొర వాస్తుంది, అదే నొప్పి అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ మృతదేహాల కాళ్లను కోసి చూసినవాళ్లకు, నొప్పి ఎక్కువగా వచ్చే కింది భాగంలో ఆ కండరాలు పెద్దగా అతుక్కుని కనిపించలేదు. నొప్పి ఉన్నచోటు నుంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెడితే వాపు కణాలు చాలామందిలో లేవు. వాపే లేనప్పుడు వాపు తగ్గించే మాత్రకు అక్కడ పనేముంది? ఇది గుర్తుపెట్టుకోదగ్గ ప్రశ్న, ఎందుకంటే ఇప్పటికీ ఈ నొప్పికి మన దగ్గర మొదట చేతిలో పడేది ఆ మాత్రే.

ఎముక వైపు సాక్ష్యం మెల్లమెల్లగా పోగుపడింది. 2001లో స్వీడన్ పరిశోధకులు నొప్పి ఉన్న ఆటగాళ్ల టిబియా సాంద్రత కొలిస్తే, సరిగ్గా నొప్పి ఉన్న మేరలో ఎముక పలచబడి ఉంది. కోలుకున్న తర్వాత మళ్లీ కొలిస్తే ఆ సాంద్రత తిరిగి వచ్చింది. అంటే అక్కడ ఎముక ఎప్పటికీ బలహీనం కాదు, కొంతకాలం బలహీనం.

ఆ కొంతకాలం ఎందుకో చూడాలి. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ నేల నుంచి శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్ల బలం కాలికి తగులుతుంది. దానికి పిక్క కండరాల గుంజుడు తోడై, టిబియా ప్రతి అడుగుకీ కంటికి కనిపించనంత వంగి మళ్లీ నిటారు అవుతుంది. 1600 మీటర్ల పరుగులో ఒక్కో కాలు ఏడు వందల సార్లు దాకా ఇలా వంగుతుంది. ఎముక దీనికి స్పందించి బలపడుతుంది. అయితే బలపడే పద్ధతిలోనే చిక్కుంది. పాత రోడ్డు మీద కొత్త తారు పొయ్యాలంటే ముందు పాతదాన్ని తవ్వాలి కదా, ఎముకా అంతే. అలిసిన భాగాన్ని తొలిచే కణాలు రెండు మూడు వారాల్లో తమ పని ముగిస్తాయి. ఆ ఖాళీలను కొత్త ఎముకతో నింపే కణాలకు దాదాపు మూడు నెలలు పడుతుంది. కొత్తగా పరుగు మొదలుపెట్టినవాడి ఎముక మూడో వారానికి తవ్విన స్థితిలో, మొదటికన్నా పలచగా ఉంటుంది. కానీ అదే సమయానికి అతని ఊపిరి, గుండె, కండరాలు పుంజుకుని ఉంటాయి. టైమింగ్ తగ్గుతోందని హుషారు వచ్చి దూరం పెంచేదీ, కోచ్ స్టాప్‌వాచ్ తీసేదీ ఆ వారంలోనే. షిన్ పెయిన్ మూడో వారంలో అంతగా ఎందుకు కనిపిస్తుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి వివరణ దొరకలేదు.

నొప్పిని గుర్తించడానికి యంత్రం అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని కాలు కొంచెం మడిచి, చీలమండ లోపలి గుబ్బ మీద బొటనవేలు పెట్టాలి. అక్కడి నుంచి ఎముక లోపలి అంచు వెనక్కి మళ్లే గీత వెంబడి, వేలి వెడల్పు చొప్పున పైకి జరుపుతూ నొక్కుకుంటూ పోవాలి. నొప్పి వరసగా 5 సెంటీమీటర్లు, అంటే సుమారు మూడు వేళ్ల వెడల్పు, లేదా అంతకన్నా ఎక్కువ మేర ఉంటే అది షిన్ పెయినే కావచ్చు. ఒకే బిందువు దగ్గర, వేలు పెడితే కాలు లాగేసుకునేంత నొప్పి ఉంటే అది వేరే సంగతి, ఎముకలో పగులు ఏర్పడుతూ ఉండొచ్చు. పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉండటం, ఒంటికాలి మీద గెంతితే తట్టుకోలేకపోవడం, నొప్పి ఎముక ముందు అంచు మధ్యలో ఉండటం, ఇవీ పగులు వైపే వేలు చూపుతాయి. పరిగెత్తుతుంటే పిక్క బిగుసుకుని పగిలిపోతుందేమో అన్నట్టయి, పాదం తిమ్మిరెక్కి, ఆగిన కొన్ని నిమిషాల్లో మామూలైపోతే అది కండరాల అరల్లో ఒత్తిడి పెరిగే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. ఒక కాలే వాచి, వేడెక్కి, పిక్క నొక్కితే నొప్పెడితే సిరలో గడ్డ కట్టిందేమో అదే రోజు చూపించుకోవాలి.

మాటలతో అడిగి, చేత్తో నొక్కి చేసే ఈ నిర్ధారణ ఎంత నమ్మదగ్గదో 2018లో నెదర్లాండ్స్ పరిశోధకులు పరీక్షించారు. ఒకరి ఫలితం ఇంకొకరికి తెలియకుండా ఇద్దరు చూసినా దాదాపు ఎప్పుడూ ఒకే తీర్పు వచ్చింది. అయితే ముగ్గురిలో ఒకరికి షిన్ పెయిన్‌తోపాటు కాలిలో మరో గాయం కూడా ఉంది. కాబట్టి షిన్ పెయిన్ అని తేలాక కూడా మిగతా కాలు తడిమి చూడాలి. ఎక్స్‌రే తీయించుకుని "ఏమీ లేదన్నారు" అని నిశ్చింతగా మళ్లీ పరుగుకు దిగేవాళ్లున్నారు. ఒత్తిడి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవడమే మామూలు. అనుమానం గట్టిగా ఉంటే చూపేది ఎమ్మారై. ఖర్చుకు వెనకాడితే, పగులే అనుకుని ఆపడం క్షేమం.

ఇక చికిత్స. 1974లో అమెరికా నేవల్ అకాడమీలో కొత్తగా చేరిన 2,777 మంది మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. షిన్ పెయిన్ వచ్చినవాళ్లను గుంపులు చేసి, ఒకరికి ఐసు, ఒకరికి ఐసుతో ఆస్పిరిన్, ఒకరికి వాపు తగ్గించే మరో మందు, ఒకరికి మడమ వెనక స్నాయువును సాగదీసే వ్యాయామం, ఒకరికి ఏకంగా ప్లాస్టర్ కట్టు. అందరికీ పరుగు ఆపించారు. చివరికి ఏ గుంపూ మరో గుంపుకన్నా ముందు కోలుకోలేదు. పనిచేసింది అందరికీ ఉమ్మడిగా ఉన్న విశ్రాంతే. రాబోయే నొప్పిని ఆపుతాయేమోనని మడమ కింద మెత్తలు, సాగదీత, మెట్లుమెట్లుగా పరుగు కూడా చేయించి చూశారు. వాటిలో ఏదీ ఆపలేదు.

2012లో నెదర్లాండ్స్‌లో 74 మంది ఆటగాళ్లను చీటీలు వేసినట్టు మూడు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు మెట్లుమెట్లుగా పెంచే పరుగు. రెండో గుంపుకు అదే పరుగుతోపాటు పిక్కల సాగదీత, బలం పెంచే వ్యాయామం. మూడో గుంపుకు అదే పరుగుతోపాటు బిగుతు మేజోళ్లు. వేగంగా 18 నిమిషాలు నొప్పి లేకుండా పరిగెత్తగలిగే స్థితికి రావడానికి ఆ గుంపులకు సగటున వరసగా 105, 118, 102 రోజులు పట్టింది. వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ మూడు అంకెలూ మూడు నెలలు దాటి ఉన్నాయి. ఎముక తవ్వుకుని పూడ్చుకోవడానికి పట్టే కాలం కూడా సుమారుగా అంతే. ఇది యాదృచ్ఛికం కాదనే నేననుకుంటున్నాను. అయితే మూడు గుంపులూ పరుగును క్రమంగా పెంచుకున్నవే కాబట్టి, ఆ పరుగు లేకుంటే ఏమయ్యేదో ఈ ప్రయోగం చెప్పదు.

షాక్‌వేవ్ చికిత్సకు నగరాల్లో గిరాకీ పెరిగింది. 2010లో వచ్చిన ఒక అధ్యయనం అది బాగా పనిచేస్తుందంది. కానీ అందులో రోగులను చీటీలు వేసి విడదీయలేదు. 2017లో అసలు మోతాదునూ, పైకి అలాగే అనిపించే ఉత్తుత్తి మోతాదునూ పోల్చి చూస్తే తేడా కనిపించలేదు. ఇక ఆపరేషన్: మొండి నొప్పికి చేయించుకున్నవాళ్లపై 2003లో ఇంగ్లండ్ సర్జన్లు ఇచ్చిన లెక్కలో నొప్పి చాలావరకు తగ్గింది గానీ, పాత స్థాయి ఆటకు పూర్తిగా తిరిగొచ్చింది 41 శాతమే. నొప్పి ఉన్నచోట స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాత్రం ఎవరు ఇస్తామన్నా వద్దనాలి.

నొప్పి మాత్రల గురించి నాకు కోపం ఉంది. డైక్లోఫెనాక్ వేసుకుని, క్రేప్ బ్యాండేజీ బిగించి, పైన స్ప్రే కొట్టుకుని ట్రాక్ మీదికి వెళ్లే కుర్రాళ్లు తక్కువేం కాదు. ఆ మాత్ర ఎముకను బాగుచెయ్యదు, ఎముక చెప్పేది వినపడకుండా చేస్తుంది. మెత్తగా పొడిచే దశలో ఆగాల్సినవాడు పగులు దాకా పరిగెత్తడానికి దారి అదే. ఖాళీ కడుపుతో, చెమటలు కక్కుతూ పరిగెత్తే రోజున మూత్రపిండాలకూ కడుపుకూ కూడా అది మంచిది కాదు. ఐసు హాని చెయ్యదు, సలుపు తగ్గిస్తుంది, అంతవరకే.

మరి చెయ్యాల్సింది ఏమిటి? పరుగు ఆపాలి. ఒళ్లు కదలడం మాత్రం ఆపకూడదు. నొప్పి లేకుండా నడవగలిగేదాకా సైకిలు తొక్కొచ్చు, ఈత కొట్టొచ్చు. ఊపిరి, గుండె దెబ్బతినకుండా ఉంటాయి. మెట్టు అంచున ముందుపాదంతో నిలబడి మడమలు పైకెత్తి దించే వ్యాయామం మోకాలు నిటారుగా పెట్టి కొన్ని, కొద్దిగా వంచి కొన్ని చెయ్యాలి. వంచి చేసేది సోలియస్ కండరానికి. అలిసిపోని పిక్క ఎముక మీది వంపును కొంత తను మోస్తుంది. గబగబా అరగంట నడిచినా నొప్పి లేదంటే, ఒక నిమిషం మెల్లటి పరుగు, ఒక నిమిషం నడక, ఇలా పదిసార్లు, రోజు మార్చి రోజు. మర్నాటి పొద్దున ఎముక అంచు నొక్కి చూసుకోవాలి. నిన్నటికన్నా నొప్పి పెరగకపోతే ఒక మెట్టు ఎక్కాలి, పెరిగితే ఒక మెట్టు దిగాలి. ముందు దూరం పెంచాలి, వేగం చివర్న. గ్రౌండ్లలో మాత్రం ఇందుకు తలకిందులుగా, ఆగిన మనిషి తిరిగి రాగానే మొదటిరోజే టైమింగ్ చూస్తారు.

రాకుండా ఆపడమెలా అన్న విషయంలో పరిశోధన చాలా నమ్మకాలను నిలబడనివ్వలేదు. పాదం ఆకారాన్ని బట్టి షూ ఇస్తే గాయాలు తగ్గుతాయని అమెరికా సైన్యం, వాయుసేన, మెరైన్ దళాల్లో వేలమందికి అలాగే ఇచ్చి చూశారు. తగ్గలేదు. అడుగు అరిగిన కాన్వాస్ బూట్లతో రోడ్డు మీద పరిగెత్తమని నేననను. కానీ ఇంటివాళ్ల మీద భారం వేసి ఖరీదైన షూ కొంటే నొప్పి రాదనుకోవడానికి ఆధారం లేదు. కాలికి హాయిగా సరిపోయేది చాలు. పరుగును వారానికి పదిశాతానికి మించి పెంచకూడదన్న ప్రసిద్ధ సూత్రాన్ని నెదర్లాండ్స్‌లో 532 మంది కొత్త పరుగువాళ్ల మీద పరీక్షించి 2008లో ప్రచురించారు. 13 వారాల నెమ్మది ప్రణాళికలో 20.8 శాతం, 8 వారాల మామూలు ప్రణాళికలో 20.3 శాతం మంది గాయపడ్డారు. సూత్రాలు చూసి కాదు, కాలు చూసి పెంచుకోవాలన్నమాట.

నిలబడినవి కొన్ని ఉన్నాయి, వాటికి దక్కాల్సిన శ్రద్ధ దక్కలేదు. బ్రిటిష్ సైన్యంలో పాదం ఒత్తిడిని కొలిచి, ముప్పు ఎక్కువున్న కొత్తవాళ్లకు పరుగు తీరు సరిదిద్దే శిక్షణ, వ్యాయామం ఇస్తే షిన్ పెయిన్ ముప్పు నాలుగో వంతుకు పడిపోయింది. ఇది 2014 నాటి ఫలితం. అడుగుల పొడవు తగ్గించి, అదే వేగంలో అడుగుల సంఖ్యను కొద్దిగా పెంచడం కాళ్ల మీద భారాన్ని తగ్గిస్తుందని ప్రయోగశాలల్లోనూ తేలింది. ఇజ్రాయెల్ సైన్యం తన పాతికేళ్ల అనుభవాన్ని 2008లో రాసుకుంది. నడిచే మొత్తం దూరాన్ని తగ్గించి, రోజుకు కనీసం 6 గంటల నిద్ర తప్పనిసరి చేశాక ఒత్తిడి పగుళ్లు అరవై శాతానికి పైగా తగ్గాయట. తెల్లారి నాలుగింటికి గ్రౌండు, రాత్రి పన్నెండింటిదాకా పుస్తకం అన్న దినచర్యను హాస్టళ్లలో గొప్పగా చెప్పుకుంటున్నాం. అది ఎముకకు పూడ్చుకునే సమయం లేకుండా చేసే దినచర్య.

తిండి విషయంలో ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. అమెరికా నౌకాదళంలో చేరిన 5,201 మంది మహిళల్లో సగం మందికి రోజూ 2,000 మిల్లీగ్రాముల కాల్షియం, 800 యూనిట్ల విటమిన్ డి ఇస్తే ఒత్తిడి పగుళ్లు 20 శాతం తగ్గాయి. పగుళ్ల మీద వచ్చిన ఫలితమే అయినా, ఎముక అదే, భారం అదే. అంతకన్నా ముందు చూడాల్సింది కడుపు నిండా తింటున్నారా అన్నది. చేసే శ్రమకు సరిపడా తిండి లేకపోతే శరీరంలో హార్మోన్లు తగ్గుతాయి, నెలసరి ఆగుతుంది, ఎముక పలచబడుతుంది. బరువు తగ్గితే టైమింగ్ తగ్గుతుందని రాత్రి భోజనం మానేసే అమ్మాయికి నెలసరి రెండు మూడు నెలలుగా రాలేదంటే, అది అదృష్టం కాదు, డాక్టరుకు చెప్పాల్సిన సంగతి. కోచ్‌లు ఎక్కువగా మగవాళ్లే కావడం వల్ల ఈ ప్రశ్న అడిగేవాళ్లే ఉండరు. గ్రౌండ్‌లో కనీసం ఒక సీనియర్ అక్క ఉండి అడగాలి.

నియామక మండళ్లు కూడా ఈ లెక్కల్లోకి రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ ప్రిలిమినరీ పరీక్ష 2023 జనవరి 22న జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు 30న మొదలయ్యాయి. మధ్యలో ఇదిగో అదిగో అన్న ప్రతిసారీ గ్రౌండ్‌కు పరిగెత్తి, వాయిదా పడగానే మానేసి, మళ్లీ పరిగెత్తిన కాళ్లెన్నో. ఒకచోట ఏడు వారాల హడావుడి, మరోచోట రెండేళ్ల అనిశ్చితి. రెండూ ఎముకకు పడవు. ఫలితాలకూ పరుగుకూ మధ్య పదహారు వారాలుండేలా తేదీని ముందే చెప్పడం, చెప్పిన తేదీకి కట్టుబడటం ఖర్చులేని పని.

మండళ్లు మారేదాకా అభ్యర్థి చేతిలో ఉన్నదేమిటి? పరీక్ష పదిరోజుల్లో ఉందనగా నొప్పి మొదలైందనుకుందాం. వేలితో నొక్కితే ఒకే బిందువులో నొప్పి ఉంటే పరిగెత్తవద్దు, ముందు ఎముకను చూపించుకోవాలి. పూర్తి పగులయితే ఈ నోటిఫికేషనే కాదు, వచ్చేదీ పోవచ్చు. నొప్పి మూడు వేళ్లకు మించి పరుచుకుని ఉంటే ఆ పదిరోజులూ టైమింగ్ పరుగులు పూర్తిగా ఆపి సైకిలుతో సరిపెట్టుకోవచ్చు. పదిరోజుల్లో ఊపిరి సత్తువ పెద్దగా తగ్గదు.

పరీక్ష ఇంకా నెలల దూరంలో ఉన్నవాళ్లకు దారి సులువైనది. 1984లో రూబిన్, లాన్యన్ అనే శాస్త్రవేత్తలు కోడిపుంజు రెక్క ఎముకను రోజుకు 36 సార్లు వంచినా, 1,800 సార్లు వంచినా అది ఒకేలా బలపడటం గమనించారు. మనిషి ముంగాలుకు అదే అంకె వర్తిస్తుందని కాదు, కానీ ఎముకకు కావాల్సింది కొద్దిపాటి భారం, మధ్యలో విరామం అన్నది ఆ తర్వాతి పరిశోధనలూ బలపరిచాయి. ప్రిలిమినరీకి చదువుకునే నెలల్లోనే వారానికి మూడు రోజులు, పొద్దున్నే ఇరవై నిమిషాలు, కొంత నడక, కొంత మెల్లటి పరుగు, చివర్న ఓ ఇరవై చిన్న గెంతులు చాలు. స్టడీ హాలు తలుపు తెరిచేలోపు అయిపోతుంది.